చాటుగా చెప్పాల్సిన జవాబు

లాస్ ఏంజెలిస్,
మార్చి 4, మంగళవారం

నాన్నా,

ఈ రోజు మొదటి ఆశ్చర్యం కోర్టు గుమ్మంలోనే ఎదురైంది. తనిఖీ వరసలో నా ముందున్న పొట్టి మనిషి బెల్టు తీయడానికి తంటాలు పడుతున్నాడు. ఇంత వెడల్పు వెండి బిళ్ళ ఉన్న బెల్టు. యంత్రం కుయ్యిమంది. "మళ్ళీ ఒకసారి రండి సార్," అన్నాడు కాపలా అతను, తనే తప్పు చేసినట్టు. ఆ మనిషి వెనక్కి తిరిగి, "క్షమించమ్మా, నీకు ఆలస్యం చేస్తున్నాను," అన్నాడు నాతో. గొంతు విన్నాక గానీ తెలియలేదు, ఆయన లాసరో కింతనార్ అని! నానమ్మ వంటింటి రేడియోలో నేను పుట్టకముందు నుంచీ పాడుతున్న గొంతు అది. పోస్టర్లలో గుర్రం పక్కన గుర్రమంత కనిపిస్తాడు. నిజానికి నా భుజం దాకా వస్తాడు.

అవును నాన్నా, నన్ను జ్యూరీకి పిలిచింది ఆయన కేసుకే. ఏదో చిన్న దొంగతనం కేసై ఉంటుందనుకుని వెళ్ళాను. చూస్తే హాలు నిండా జనం, పెళ్ళికొచ్చినట్టు. ఇంతమందిలోంచి తీర్పు చెప్పే పన్నెండు మందిని ఏరతారట. ఎవరికి ఆయనంటే ముందే ప్రేమ, ఎవరికి ముందే కోపం అని ఒక్కొక్కరినీ అడిగి వడకడతారు. అక్కడ మాకు పేర్లు ఉండవు. నేను నూట నలభై ఏడు.

జడ్జి హాలొవే గారు సన్నగా, టీచరమ్మలా ఉన్నారు. "ఈ కేసు గురించి ఎవరితోనూ మాట్లాడకండి, చదవకండి, వినకండి. ఇంట్లో వాళ్ళతో సహా. ఎవరైనా చెప్పబోతే ఆపండి, ఆపి మాకు చెప్పండి," అన్నారు. కాబట్టి ఆయన గురించి నేనేమీ రాయను. నన్ను ఏం అడిగారో, నేనేం తిన్నానో మాత్రమే రాస్తాను. నువ్వూ రాయొద్దు. (అక్కడ జైల్లో ఉత్తరాలు తెరిచి చదివే అధికారి గారికి కూడా ఇదే మనవి, నమస్కారాలతో.)

నానమ్మకి ఈ సంగతి చెప్తే, "మీ జడ్జి నా వంటింట్లోకి కూడా వస్తుందా? అంత చల్లటి గొంతున్నవాడు..." అని మొదలుపెట్టింది. నేను చెవులు మూసుకుని స్నానాలగదిలోకి పరిగెత్తి గడియ పెట్టుకున్నాను. వెనకే వచ్చి తలుపు తట్టింది. తర్వాత, "సరే, సంతకం అయినా తెస్తావా?" అంది.

నాన్నా, నాకు ఆ పన్నెండు కుర్చీల్లో ఒకటి కావాలి. చాలా కావాలి. నీ విచారణ జరిగినప్పుడు నాకు పదమూడేళ్ళు. నీ వెనక బెంచీలో కూర్చుని రోజంతా ఆ పన్నెండు ముఖాలనే చూసేదాన్ని. ఒకాయన గడ్డం గోక్కుంటే మనకి మంచిదా చెడ్డదా అని లెక్కలు వేసేదాన్ని. వాళ్ళ తలల్లో ఏం జరుగుతుందో లోపల కూర్చుని తెలుసుకోవాలని అప్పటి నుంచీ ఉంది. అందుకే లైబ్రరీ నుంచి జ్యూరీల మీద పుస్తకాలు తెచ్చుకుని, ఏం అడుగుతారో రాసుకుని, ప్రతిదానికీ మంచి జవాబు తయారు చేసుకుని, అద్దం ముందు అప్పజెప్పుకుంటున్నాను. "అవునండీ. నా సొంత అభిప్రాయాలు పక్కన పెట్టి, ఇక్కడ విన్నదాన్ని బట్టే తీర్పు చెప్పగలను." బాగుంది కదా? నాకే ముద్దొస్తోంది.

ఈ రోజు ప్రశ్నలపత్రం ఇచ్చారు. దగ్గరివాళ్ళెవరైనా శిక్ష పడి జైల్లో ఉన్నారా అని ఒక ప్రశ్న ఉంది. "నాన్న" అని రాశాను. పక్కనే చిన్న గడి ఉంది: దీని గురించి అందరి ముందూ కాకుండా జడ్జి గదిలో చాటుగా మాట్లాడాలనుకుంటే టిక్కు పెట్టమని. పెట్టాను.

మళ్ళీ పిలిచేదాకా కాలేజీ. చలికోటు ఇచ్చారో లేదో రాయి.

అద్దం ముందు నుంచి,
నీ నోయెమీ

*

మార్చి 11

తల్లీ నోయెమీ,

చలికోటు ఇచ్చారు. ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి, అయినా వెచ్చగా ఉంది. నీ ఉత్తరం చదివి మా గదిలో ఉండే ఓర్విల్‌కి కూడా వినిపించాను. ముసలాడు మంచం మీద ఎగిరి గంతేశాడు. ఇక్కడ టీవీలో పొద్దున లేస్తే ఆ లాసరో మొహమే. ఆయన్ని చూస్తుంటే నాకు జాలేస్తోంది తల్లీ. నువ్వు గనక ఆ కుర్చీలో కూర్చుంటే ఒక్క మాట గుర్తుపెట్టుకో.

హోటలు ముందు కార్లు పెట్టే మనిషితో మాటా మాటా పెరిగి, ఒక్క తోపు తోశాడంటున్నారు. ఆ మనిషి వెనక్కి పడి మరి లేవలేదు. టీవీలో చూపించినప్పుడల్లా ఆయన తన అరచేతులు చూసుకుంటూ ఉంటాడు. హాల్లో కూర్చున్న మావాళ్ళు నవ్వుతారు, "చేతుల్లో పాట రాసుకున్నాడేమోరా!" అని. నేను నవ్వలేను. పెళ్ళి హాలు బయట ఫెర్మిన్‌ని నేను తోసిందీ ఒక్కసారే. వాడి తల సిమెంటు గట్టుకు తగిలింది. ఆ రోజు నుంచీ నేనూ నా చేతులు అలాగే చూసుకుంటున్నాను.

కానీ నేను చెప్పాలనుకున్నది ఆయన గురించి కాదు. నా విచారణ జరిగినన్ని రోజులూ మన బెంచీలో వాళ్ళంతా నన్నే చూశారు. మీ నానమ్మ, నువ్వు, అందరూ. నేనూ మిమ్మల్నే చూశాను. అటువైపు బెంచీలో ఫెర్మిన్ వాళ్ళమ్మ ఒతీలియా గారు ఒక్కతే కూర్చునేది. ఆవిడ వైపు ఎవరం చూడలేదు. నువ్వు అక్కడ కూర్చుంటే, చచ్చిపోయినవాడి వాళ్ళు ఏ బెంచీలో ఉన్నారో చూడు. నేను చెప్పాలనుకున్నది ఇంతే.

జ్యూరీలో వాళ్ళ తలల్లో ఏముంటుందో తెలుసుకోవాలన్నావు. నా జ్యూరీలో పచ్చ కళ్ళజోడు ఆయన గుర్తున్నాడా? "న్యాయంగా ఉంటాను" అని ఎంత చక్కగా చెప్పాడు! ఉన్నాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఫెర్మిన్ చచ్చిపోయాడు. అది మాత్రం తెలుసు.

ఆ గడిలో టిక్కు పెట్టి మంచి పని చేశావు. నలుగురిలో నా పేరు నీ నోట రావడం ఎందుకు? చదువుకునే పిల్లవి.

మోకాళ్ళు బాగానే ఉన్నాయి. నానమ్మకి ఉప్పు తగ్గించమని చెప్పు, నేను చెప్పానని చెప్పకు.

పొట్టి చెయ్యి, పొడుగు చెయ్యి కోటులో
మీ నాన్న

*

లాస్ ఏంజెలిస్,
మార్చి 18, మంగళవారం

నాన్నా,

ఈ ఉత్తరం కోపంగా రాస్తున్నాను. రెండుసార్లు చింపి మళ్ళీ రాస్తున్నాను, అయినా కోపం తగ్గలేదు.

నీ ఉత్తరం నిన్న వచ్చింది. చలికోటు దగ్గర నవ్వాను. ఆ తర్వాత "ఆయన్ని చూస్తుంటే నాకు జాలేస్తోంది" అని ఉంది. "నువ్వు గనక ఆ కుర్చీలో కూర్చుంటే ఒక్క మాట గుర్తుపెట్టుకో" అని ఉంది. అక్కడితో కళ్ళు మూసుకుని మడిచేశాను. మిగతాది చదవలేదు. చదవకూడదు. కేసు గురించి రాయొద్దని చెప్పాను కదా నాన్నా! జాలి చూపించమని అడుగుతావా నన్ను? నువ్వే అడిగితే నేనెలా కాదనేది? కాదనలేనని తెలిసే అడిగావా?

పుస్తకాల్లో ఉన్నట్టే చేశాను. ఈ పొద్దున కోర్టులో జవానుకి ఇచ్చాను. ఆయన దాన్ని బాంబును పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. "ఎవరు రాశారు?" "మా నాన్న." "ఎక్కడి నుంచి?" కవరు మీద జైలు ముద్ర ఉంది నాన్నా, ఆయనకి కనిపిస్తూనే ఉంది. అయినా నేను చెప్పేదాకా ఆగాడు. చెప్పాను. నన్ను పిలిచి ప్రశ్నలు అడిగే రోజున దీని గురించి కూడా జడ్జి గారు అడుగుతారట. అప్పటిదాకా ఉత్తరం వాళ్ళ దగ్గరే.

కోపం పక్కన పెడితే, ఈ రోజు చాలా జరిగింది. ఈ "పక్కన పెట్టడం" అనే మాట నన్ను పట్టుకుని వదలడం లేదు. లాయర్లు ప్రతివాళ్ళనీ అదే అడుగుతున్నారు. "మీ అభిప్రాయం పక్కన పెట్టగలరా?" "పెట్టగలను." "పెట్టగలను." "పెట్టగలను." ఎంత తేలిగ్గా పెట్టేస్తున్నారో! పక్కన అంటే ఎక్కడ? మన పక్కనే కదా ఉంటుంది? చెయ్యి చాపితే అందేంత దూరంలో?

ఒకాయన లాసరో బొమ్మ ఉన్న చొక్కా వేసుకొచ్చి, కోటు గుండీలు మెడ దాకా పెట్టుకుని, "ఆయనెవరో నాకు తెలియదండీ," అన్నాడు. చెమటలు కారిపోతున్నాయి. ముద్దాయి వైపు బూడిదరంగు గౌనులో ఒకావిడ కూర్చుంటుంది. నోరు తెరవదు. మా ముఖాలూ చెప్పులూ చూసి ఏదో రాసుకుంటుంది. మనుషుల్ని చదవడం ఆవిడ ఉద్యోగమట.

నా పక్కన డెల్ఫీన్ గారని ముసలావిడ కూర్చుంటుంది. సిటీ బస్సు నడిపి రిటైరైంది. ఆవిడ వంతు వచ్చింది. "ఆయన పాటలంటే ఇష్టమా?" అని ప్రాసిక్యూటరు అడిగాడు.

"ముప్ఫయ్యేళ్ళుగా ఆయన పాటలు వింటూనే రాత్రి వంట చేస్తున్నా నాయనా."

"మరి ఆయన్ని న్యాయంగా చూడగలరా?"

"తప్పు చేశాడని తేలితే జైలుకి పంపిస్తాను. ఇంటికెళ్ళి ఆయన పాట పెట్టుకుని వంట చేసుకుంటాను. రెండూ నా పనులే."

హాలంతా నవ్వింది. జడ్జి గారు కూడా కాగితాలతో మూతి కప్పుకున్నారు. ఆవిడని ఉంచారు! తిరిగొచ్చి కూర్చుంటూ నా చెవిలో, "అమ్మాయ్, నువ్వు ఎప్పుడూ పెదాలు కదుపుతూ ఉంటావేం? దేవుడి ప్రార్థనా?" అంది. జవాబులు బట్టీ పడుతున్నానన్నాను. "నిన్ను గురించి నిన్ను అడుగుతారు. దానికి బట్టీ ఎందుకే?" అంది.



ఇంకెప్పుడూ ఆయన గురించి రాయకు. కోపంగానే,
నోయెమీ

*

మార్చి 25

నోయెమీ,

నా ఉత్తరం జడ్జి గారి దగ్గరుందా? ఆవిడకి నా కోటు సంగతి కూడా తెలిసిపోయిందన్నమాట.

తప్పు నాదే. రాయొద్దని నువ్వు చెప్పిన వాక్యం చదివాను, ఓర్విల్‌కి వినిపించాను, మర్చిపోయాను. ఇక్కడ టీవీ తప్ప వేరే లోకం లేదు తల్లీ. పొద్దుటి నుంచీ అదే చెవిలో పడుతుంటే అదే రాసేశాను. నేను ఏం గుర్తుపెట్టుకోమన్నానో ఇప్పుడు చెప్పను. చెప్తే అదీ తప్పే. జాలి చూపించమని మాత్రం అడగలేదు. నమ్మితే నమ్ము.

ఒకటి అడుగుతాను. ఇది ఆయన గురించి కాదు, మన గురించి. మడిచేసిన భాగం చివర నేను ఆ గడి గురించి రాశాను. మంచి పని చేశావని రాశాను, అడగాల్సింది అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. నా గురించి చాటుగా చెప్తానన్నావు. నేనంటే సిగ్గా తల్లీ? అయితే అవునని చెప్పు. అందులో తప్పు లేదు. నీ కాలేజీలో ఎవరికీ తెలియదని నాకు తెలుసు. మీ నానమ్మ చెప్పింది. చెప్పి, చెప్పకూడదు కదా అని నాలుక కరుచుకుంది.

ఓర్విల్ ఒక ఉపాయం చెప్తున్నాడు. వాడు సగం లాయరు, సగం మంగలి. "మా నాన్నతో నాకు మాటల్లేవు, ఎన్నో ఏళ్ళయింది" అని ఆ పిల్ల చెప్పేస్తే, ఆ ప్రశ్న అక్కడితో ఆగిపోతుంది, కుర్చీ దక్కుతుంది అంటున్నాడు. ఉత్తరం సంగతి అడిగితే, ఆయనే రాశాడు, నేను చదవకుండా ఇచ్చేశాను అను. అది నిజమే కదా. విచారణ అయ్యేదాకా నేను ఉత్తరాలు రాయడం మానేస్తాను. అప్పుడు నువ్వు చెప్పింది కూడా నిజమే అవుతుంది. నీకు ఆ కుర్చీ ఎంత కావాలో నాకు తెలుసు. నేను నీకు ఇవ్వగలిగింది ప్రస్తుతానికి ఇదొక్కటే.

జవాబు రాయక్కర్లేదు.

నాన్న

*

లాస్ ఏంజెలిస్,
ఏప్రిల్ 2, బుధవారం, సాయంత్రం

నాన్నా,

జవాబు రాయక్కర్లేదన్నావు. రాస్తున్నాను. రేపు నా వంతు. పొద్దునే మొదటి పేరు, అదే, మొదటి నంబరు నాదేనని గుమాస్తా ఫోన్ చేసి చెప్పాడు.

ముందు ఆ గడి సంగతి. విచారణ గదిలో చివరి రెండు బెంచీల్లో విలేకరులుంటారు. అక్కడ ఎవరేమన్నా సాయంత్రానికల్లా టీవీలో వచ్చేస్తుంది. ఒతీలియా గారి ఇల్లు మనకి రెండు వీధుల అవతలే కదా. ఊళ్ళో అందరిలాగే ఆవిడా ఈ కేసు వార్తలు చూస్తుంది. కిటికీలోంచి టీవీ వెలుగు కనిపిస్తుంది. ఆవిడ ఒక్కతే సోఫాలో కూర్చుని ఉండగా, ఉన్నట్టుండి నీ పేరు టీవీలోంచి వినపడకూడదనుకున్నాను. అక్కడ హాల్లో నీ చుట్టూ కూర్చున్నవాళ్ళు, "ఒరేయ్, మీ అమ్మాయేరా!" అని నవ్వకూడదనుకున్నాను. అందుకే టిక్కు పెట్టాను.

ఇలా రాసి ఆపేస్తే బాగుండేది. కానీ ఇది అద్దం ముందు అప్పజెప్పే జవాబులా ఉంది. సిగ్గు కూడా ఉంది నాన్నా. కొంచెమే, కానీ ఉంది. ఆ గడి చూడగానే నాకు హాయి అనిపించింది. ముందు హాయి కలిగింది, ఈ కారణాలన్నీ తర్వాత దొరికాయి. నువ్వు అడిగావు కాబట్టి చెప్తున్నాను. చెప్పాక నీకెలా ఉంటుందో తెలియదు. నాకు మాత్రం ఊపిరి ఆడుతోంది.

ఆదివారం నానమ్మ దుప్పట్లు మోసుకుని బట్టలుతికే కొట్టుకి వెళ్ళాను. ఒతీలియా గారు అక్కడున్నారు. ఇన్నేళ్ళుగా ఆవిడ ఎదురైతే మనం వీధి దాటి అవతలికి పోతాం. కొట్టులో దాటడానికి వీధి లేదు. ఆవిడ పెద్ద దుప్పటి ఒక్కతే మడతపెట్టలేక అవస్థపడుతోంది. నేను వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"నువ్వు ఎలిసేయో కూతురివి కదూ?" అంది. అవునన్నాను. వెళ్ళిపొమ్మంటుందనుకున్నాను. దుప్పటి అవతలి కొస నా చేతికిచ్చింది.

"కోర్టులో మా నాన్న పేరు చెప్పాల్సి వచ్చిందండీ. విలేకరులు వింటారు. మీ గుమ్మం దాకా కూడా రావచ్చు. చాటుగా చెప్పే వీలుంది. మీరు వద్దంటే చాటుగానే చెప్తాను," అన్నాను. ఏ కేసో నేను చెప్పలేదు. ఆవిడా అడగలేదు.

ఆవిడ చాలాసేపు దుప్పటి అంచులు కలుపుతూనే ఉంది. "గట్టిగా పట్టుకోవే, నేలకి రాసుకుంటోంది," అంది. నేను పైకెత్తాను. అప్పుడు అంది:

"మీ నాన్న సంగతి ఎత్తినప్పుడల్లా జనం 'ఆ పెళ్ళి గొడవ' అంటారు. మా వాడికి పేరే లేనట్టు. ఈ వీధుల్లో ఆ పేరు పలికేదాన్ని నేనొక్కతినే మిగిలాను. నువ్వు చాటుగా చెప్తే నాకేం ఒరుగుతుంది? చెప్తే పైకి చెప్పు. మీ నాన్న పేరుతో పాటు మా వాడి పేరూ చెప్పు. ఫెర్మిన్ ఓచోవా. నీళ్ళు నమలకుండా పలుకు."

ఇంకో రెండు దుప్పట్లు మడతపెట్టాం. నానమ్మ దుప్పట్లకి అవతలి కొస ఆవిడే పట్టుకుంది. నానమ్మ దుప్పటికున్న చిరుగు చూసి, "ఇంత మంచి గుడ్డని ఇలా వదిలేస్తారా ఎవరైనా?" అని తిట్టింది కూడా.

ఇక ఓర్విల్ గారి ఉపాయం. ఆయనకి నా నమస్కారాలు చెప్పు. నీతో మాటల్లేవని నేను చెప్పను. కుర్చీ కోసం చెప్పను, దేనికోసమూ చెప్పను. నువ్వు ఉత్తరాలు మానేస్తే నేను రోజూ రాస్తాను, చదివే అధికారి గారికి విసుగు పుట్టేదాకా. జాలి చూపించమని అడగలేదన్నావు. నమ్ముతున్నాను. నువ్వు ఏం గుర్తుపెట్టుకోమన్నావో అన్నీ అయ్యాక చెప్పు.

ఒక విషయం నీకు చెప్పకుండా ఉండలేను. ఇది ఆ కేసు గురించి కాదు, నా గురించి. రోజూ ఆ గదిలో ఆయన వైపు చూస్తున్నాను. మెడ వెనక భాగం కనిపిస్తుంది. చూసిన ప్రతిసారీ ఆ మెడ నీదే అనిపిస్తుంది. ఆయన్ని వదిలేస్తే, మరి మా నాన్నని ఎందుకు వదల్లేదని అడుగుతానేమో. శిక్ష వేస్తే, మా నాన్నకి వేశారు కదా, సరిపోయిందని ఊరుకుంటానేమో. ఎటు తిరిగినా నేను తూచేది నిన్నే. ఆయన పాపం, మధ్యలో బెల్టు పట్టుకుని నిలబడి ఉంటాడు. ఆయనకి ఆయన్నే తూచే మనిషి కావాలి కదా.

జడ్జి గారు నిన్న ఇంకొకరితో అంటుండగా విన్నాను. "ఇంట్లో ఎవరో జైల్లో ఉన్నారని ఎవరినీ ఇంటికి పంపను. మీ మనసులో ఏముందో చెప్పండి, చాలు," అని. నా మనసులో ఉన్నది ఇదీ. ఇది విన్నాక ఉంచుతారో పంపుతారో ఆవిడ ఇష్టం. కుర్చీ మీద ఆశ పోలేదు నాన్నా. ఇప్పటికీ కావాలి. రాస్తుంటే కూడా కళ్ళ ముందు కనిపిస్తోంది, మూడో వరస చివరిది, చెయ్యి ఆనించుకునే చోట తోలు చిరిగింది.

ఈ ఉత్తరం నీకు అందేసరికి టీవీలో మన పేర్లు వచ్చేసే ఉంటాయి; మళ్ళీ వస్తే, చూడాలనిపిస్తే చూడు. లేకపోతే ఓర్విల్ గారితో పేకాడుకో.

నానమ్మ నా తెల్లచొక్కా ఇస్త్రీ చేసి కుర్చీకి తగిలించింది. జవాబుల కాగితాలు లైబ్రరీ పుస్తకాల్లోనే ఉండిపోయాయి. పుస్తకాలు ఈ మధ్యాహ్నం తిరిగి ఇచ్చేశాను. రేపు పొద్దున మొదటి బస్సుకే వెళ్తాను. నూట నలభై ఏడు అని పిలవగానే లేచి, చాటు అక్కర్లేదని చెప్తాను. ముందు నీ పేరు చెప్తాను, వెంటనే ఫెర్మిన్ ఓచోవా పేరు. ఆ తర్వాత, న్యాయంగా ఉండగలవా అని అడిగితే, అందరికీ వినపడేలా, నాకు తెలియదని చెప్తాను.

నీ కూతురు
నోయెమీ బర్రగాన్